పౌర్ణమి తేదీలో దొరికిన తప్పు: నెల్లూరు తీరంలో ఒక రొయ్యల యాప్ లైసెన్స్ వివాదం (కేస్ స్టడీ)

నేను నెల్లూరులో న్యాయవాదిని. ఈ వృత్తిలోకి రాకముందు కొన్నేళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేశాను. అందుకే సాఫ్ట్‌వేర్ గొడవలుంటే తోటి లాయర్లు నా దగ్గరికి పంపిస్తుంటారు. వచ్చేవాటిలో ఎక్కువ భాగం బాకీ పడ్డ బిల్లులు, సగంలో ఆగిన ప్రాజెక్టులు. ఓపెన్ సోర్స్ లైసెన్స్ మీద మొదటి నుంచి చివరి దాకా నడిపిన కేసు మాత్రం ఇదొక్కటే. రెండు పక్షాలూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు, సొమ్ముల లెక్కలు తీసేశాను.

నా కక్షిదారుది సముద్రం వైపు పల్లె. వాళ్ల నాయనకు రెండు వెనామీ రొయ్యల చెరువులున్నాయి. మేత లెక్క అంతా నోటు పుస్తకంలోనే. పొద్దున ఎంత వేశారు, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) ఎంత మిగిలింది, రాత్రి ఏరియేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) ఎన్ని గంటలు తిరిగాయి, కరెంటు పోతే జనరేటర్‌కు ఎంత డీజిల్ పట్టింది, ఇవన్నీ తడి చేతులతో రాసేవారు. ఒకసారి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక మేత డీలర్ బిల్లుకూ పుస్తకానికీ పొంతన కుదరలేదు. తడిసిన పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి, వాటితో ఏమని వాదిస్తారు? డీలర్ చెప్పిన లెక్కకే తలూపి వచ్చారు. అప్పటికి ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్న కొడుకు ఆ సెలవుల్లో కూర్చుని ఒక ఆండ్రాయిడ్ యాప్, దాని వెనకాల చిన్న సర్వర్ ప్రోగ్రామ్ రాశాడు. చెరువులో రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి రోజులు లెక్కపెడుతుంది, వారం వారం వల విసిరి తీసిన శాంపిల్‌తో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) కడుతుంది, ఇప్పటివరకు వేసిన మేతకు ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క) చూపిస్తుంది. తెలుగులో ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా గట్టు మీద పనిచేస్తుంది.

ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచి పంచుకునే వెబ్‌సైట్‌లో) పెట్టాడు. లైసెన్స్ ఎంచుకోమంటే జాబితాలోంచి జీపీఎల్ మూడో వెర్షన్ తీసుకున్నాడు. కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, కానీ పంచితే అదే లైసెన్స్ కింద, సోర్స్ కోడ్‌తో (మనిషి చదవగలిగే అసలు రాతతో) సహా పంచాలి అనే లైసెన్స్ అది. ఎందుకు అదే తీసుకున్నావని అడిగాను. "లైనక్స్‌కు జీపీఎల్ ఉంటుందని కాలేజీలో విన్నాను సార్" అన్నాడు. లైనక్స్ కెర్నల్‌ది రెండో వెర్షన్. దానికీ దీనికీ ఉన్న తేడాయే తర్వాత ఈ కేసు నడకను మార్చింది. దాంతోపాటు రీడ్‌మీ ఫైల్‌లో (ప్రాజెక్టును పరిచయం చేసే పేజీలో) తెలుగులో మూడు వాక్యాలు రాశాడు: ఇది రైతుల కోసం, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దీనితో వ్యాపారం చేయకూడదు.

నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు నాయన మేత కొట్టు నుంచి వచ్చి, డీలర్ తన ఫోన్‌లో కొత్త యాప్ వేశాడని కొడుక్కి చూపించాడు. "నువ్వు చేసిందాని మాదిరే ఉందే అబ్బయ్యా" అన్నాడట. రంగు మారింది, పేరు మారింది, పైన ఒక సంస్థ బొమ్మ ఉంది. లోపల మెనూ వరస మాత్రం అదే. జిల్లాలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ దాన్ని మేత డీలర్లకు ఏడాది చందా మీద ఇస్తోంది. డీలర్లు తమ రైతుల ఫోన్లలో వేస్తున్నారు.

లైసెన్స్ ముందు పెట్టుకుని

మొదటి రోజు అతను అడిగింది ఒక్కటే. "నేను ఉచితంగా ఇచ్చినదాన్ని వాళ్లు అమ్ముకుంటున్నారు సార్. అది ఆపించండి."

ఆపించలేనని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ చెప్పక తప్పలేదు. జీపీఎల్ మూడో వెర్షన్ 4వ విభాగం ప్రతి కాపీకీ ఎంత ధరైనా తీసుకోవచ్చు, తీసుకోకపోయినా ఫర్వాలేదు అని సూటిగా చెబుతుంది. అమ్మడం ఆ లైసెన్స్ కింద తప్పు కాదు. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే ఉచితం అనే కదా" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఆ ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి. డబ్బు లేకుండా దొరికేది ఒకటి, కట్టుబాటు లేనిది ఇంకొకటి. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టినప్పటి నుంచి ఈ తేడాను వివరిస్తూనే ఉన్నారు. మనకు ఆ ఇబ్బంది ఉండకూడదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నది అందుకే అనుకుంటాను. అయినా మన పిల్లలు ఈ సంగతిని ఇంగ్లీషులోనే నేర్చుకుంటున్నారు కాబట్టి, ఆ ఇంగ్లీషు అయోమయం కూడా వెంట వస్తోంది. రీడ్‌మీలో అతను ఉచితం అని రాశాడు. లైసెన్స్ ఫైల్‌లో ఉన్నది స్వేచ్ఛ.

ఇక "వ్యాపారం చేయకూడదు" అన్న వాక్యం సంగతి. జీపీఎల్ 7వ విభాగం ప్రకారం, లైసెన్స్‌తో పాటు అదనపు ఆంక్ష ఏదైనా జతచేసి ఉంటే, కాపీ అందుకున్నవారు దాన్ని తీసేయవచ్చు. అయితే ఇది అంత తేలికగా తేలేది కాదు. అమెరికాలో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ చేసే నియో4జె సంస్థ, జీపీఎల్‌కు దగ్గరి చుట్టమైన ఏజీపీఎల్ లైసెన్స్‌కు ఇలాంటి వ్యాపార నిషేధాన్ని జోడించింది. అవతలివాళ్లు దాన్ని తీసేసి పంచితే కేసు వేసింది. కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు 2020లో నియో4జె పక్షాన తీర్పు ఇచ్చింది, 2022లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది. అసలు హక్కుదారు తానే పెట్టిన షరతును తీసేయడానికి లైసెన్స్ తీసుకున్నవారికి అధికారం లేదన్నది అక్కడి తర్కం.

ఆ తీర్పును పట్టుకుని అమ్మకం ఆపించమని అడగవచ్చు. నేను వద్దనుకున్నాను. నియో4జె విషయంలో ఆ షరతు లైసెన్స్ పత్రంలోనే ఉంది. ఇక్కడ అది రీడ్‌మీలో ఒక వాక్యం, లైసెన్స్ ఫైల్‌లో దాని ఊసే లేదు. ఇంకా పెద్ద కారణం మరొకటి ఉంది. నాలుగేళ్లలో మరో ముగ్గురు ఆ ప్రాజెక్టుకు కోడ్ రాసి పంపారు. వాళ్లు జీపీఎల్ చూసి పంపారు. ఇప్పుడు మేమే "ఇది పూర్తి జీపీఎల్ కాదు" అని వాదిస్తే ఆ ముగ్గురికి ఇచ్చిన మాట తప్పినట్టు. పైగా మా చేతిలో ఉన్న బలమంతా జీపీఎల్‌లోనే ఉంది. దాన్ని మేమే పలచన చేసుకోవడం తెలివైన పని కాదు.

మరి అవతలి సంస్థ చేసిన తప్పేమిటి? ప్రతి ఫైల్ పైన ఉండే రచయిత పేరు, కాపీరైట్ ప్రకటన తీసేసింది. మార్పులు చేసినట్టు, ఎప్పుడు చేసినట్టు ఎక్కడా చెప్పలేదు. ఏపీకే ఫైల్‌ను (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్‌ను) వందల ఫోన్లలో వేసింది కానీ దాని సోర్స్ కోడ్ ఇవ్వలేదు, ఇస్తామని కూడా చెప్పలేదు. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది యాప్ తెరవగానే వచ్చే షరతుల పేజీ. ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా మాదే, దీన్ని విప్పి చూడకూడదు, మరొకరికి ఇవ్వకూడదు అని అందులో ఉంది. చెరువు గట్టు మీద నిలబడి "అంగీకరిస్తున్నాను" నొక్కిన ప్రతి రైతు నుంచీ, రచయిత అతనికి ఇచ్చిన హక్కును ఆ పేజీ లాగేసుకుంది. జీపీఎల్ 10వ విభాగం ఇదే చేయకూడదంటుంది.

రుజువు ఎలా దొరికింది

ఏపీకేను విప్పి చూస్తే ఫంక్షన్ల పేర్లన్నీ ఒకటి రెండు అక్షరాలకు కుదించి ఉన్నాయి. మెనూలు ఒకలా ఉన్నాయంటే కోర్టు ముందు పెద్దగా నిలవదు. మేత లెక్క ఎవరు రాసినా దాదాపు అదే వరసలో వస్తుంది. మాకు కావలసింది కాపీ కొడితే తప్ప రాని గుర్తు.

అది అమావాస్య, పౌర్ణమి పట్టికలో దొరికింది. ఆ రోజుల చుట్టూ రొయ్యలు ఎక్కువగా పెంకు వదులుతాయి, మేత సరిగా తీసుకోవు. మన రైతులు అప్పుడు మేత తగ్గిస్తారు. తగ్గించకపోతే మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లు చెడతాయి. అందుకని కక్షిదారు గోడ క్యాలెండర్ చూసి రెండేళ్ల తిథులను చేత్తో ఎక్కించి, ఆ రోజుల్లో మేత తగ్గించమని యాప్ చెప్పేట్టు చేశాడు. అలా ఎక్కించేటప్పుడు ఒక పౌర్ణమి తేదీ ఒక రోజు ముందుకు పడింది. తర్వాత ఎవరూ గమనించలేదు. ఆ సంస్థ యాప్‌లోనూ అదే పౌర్ణమి, అదే ఒక రోజు ముందు ఉంది. ఆ పట్టిక పక్కనే "లోతు" అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా రాసిన రెండు పేర్లు కూడా డేటాబేస్ నిర్మాణంలో అలాగే మిగిలాయి. కోడ్‌లో పేర్లు కుదించే పరికరం డేటాబేస్ కాలమ్ పేర్ల జోలికి వెళ్లలేదు.

తిథుల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. పంచాంగం అందరిదీ. కానీ ఇద్దరు వేరువేరుగా ఒకే తప్పు, ఒకే చోట చేశారంటే నమ్మడం కష్టం. ఆ తప్పు కాపీ జరిగిందనడానికి సాక్ష్యం, అంతవరకే.

ఈ సాక్ష్యాన్ని భద్రపరచడానికి వారం పట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం అడుగుతుంది. పాత సాక్ష్య చట్టంలోని 65బి ధ్రువపత్రం లాంటిదే కానీ ఇప్పుడు రెండు భాగాలు. ఒకటి రికార్డు దాఖలు చేసే వ్యక్తి ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైల్ హాష్ విలువ (ఫైల్ తర్వాత మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య), అది ఏ పద్ధతిలో తీశారన్నది అందులో రాయాలి. నాయన ఫోన్‌లోంచి ఏపీకే తీసిన రోజే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ తీసి, ఫోన్‌ను అలాగే పక్కన పెట్టించాను. ఆయన పాపం వేరే ఫోన్ కొనుక్కున్నారు.

మరో జాగ్రత్త కూడా చెప్పాలి. చాలామంది ప్రోగ్రామర్లు గిట్ కమిట్ తేదీలే (కోడ్‌లో ప్రతి మార్పు పక్కన నమోదయ్యే తేదీలే) తిరుగులేని రుజువు అనుకుంటారు. ఆ తేదీ రాసిన మనిషి కంప్యూటర్ గడియారం నుంచి వస్తుంది, ఎలా కావాలంటే అలా మార్చవచ్చు. అవతలి లాయర్ ఈ సంగతి తెలిసినవాడైతే మొదటి ప్రశ్న అదే వేస్తాడు. మేం కమిట్ తేదీల మీద కాకుండా, ఇతరులు ఆ రిపాజిటరీని (గిట్‌హబ్‌లోని కోడ్ నిల్వను) తమ ఖాతాల్లోకి ఎప్పుడు కాపీ చేసుకున్నారు, బయటివారి సవరణలు ఎప్పుడు చేరాయి అన్న వాటి మీద ఆధారపడ్డాం. వాటిని కక్షిదారు ఒక్కడే మార్చలేడు.

అసలు ఈ కోడ్ ఎవరిది?

నోటీసు రాసే ముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం ఆధారం లేని బెదిరింపు నోటీసు ఇస్తే, అవతలివాళ్లే మన మీద దావా వేసి నష్టపరిహారం అడగవచ్చు.

కక్షిదారు చదువు అయ్యాక చెన్నైలో ఒక కంపెనీలో చేరాడు. యాప్‌లో సగానికి పైగా అప్పటికే రాశాడు, మిగతాది సెలవు రోజుల్లో. 1957 కాపీరైట్ చట్టం 17(సి) ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమాని, వేరే ఒప్పందం ఉంటే తప్ప. రొయ్యల యాప్‌కూ అతని ఉద్యోగానికీ సంబంధం లేదు. కానీ నియామక పత్రంలో, ఉద్యోగ కాలంలో సృష్టించిన మేధో సంపత్తి అంతా కంపెనీదే అన్న వాక్యం ఉంది. ఇలాంటి వాక్యం దాదాపు ప్రతి నియామక పత్రంలో ఉంటుంది. ఎవరూ చదవరు. చదవండని ప్రతి కుర్రవాడికీ చెబుతుంటాను. మేం ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కు అన్నీ వివరించి, ఈ యాప్ మీద తమకు ఏ హక్కూ లేదని ఉత్తరం అడిగాం. మూడు వారాలకు ఇచ్చారు. ఆ మూడు వారాలు కక్షిదారుకు నిద్ర లేదు. నాకూ కొంత టెన్షన్‌గానే ఉంది. వాళ్లు కాదంటే కేసు స్వరూపమే మారిపోయేది.

మిగిలిన ముగ్గురు రచయితల సంగతి తేలిక. ఎవరి కోడ్‌కు వారే హక్కుదారులు, ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు. కక్షిదారు తన భాగం మీద తాను ఫిర్యాదు చేయడానికి వాళ్ల సంతకాలు అవసరం లేదు. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. మన చట్టంలో కాపీరైట్ రాసినప్పుడే పుడుతుంది.

పోలీసులా, నోటీసా

బంధువులు స్టేషన్‌కు వెళ్దామన్నారు. వెళ్లే దారి ఉంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింది నేరం కాగ్నిజబుల్ (వారంట్ లేకుండా అరెస్టు చేయదగినది), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకనిది) అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉల్లంఘన కాపీ అని తెలిసి వాడితే 63బి కూడా ఉంది. కనీసం ఏడు రోజుల జైలు.

నేను గట్టిగా వద్దన్నాను. ఎఫ్‌ఐఆర్ పడితే ముందుగా పట్టుకునేది ఆ కోడ్ ఎక్కించిన ప్రోగ్రామర్‌ను. లైసెన్స్ అంటే ఏమిటో ఎవరూ నేర్పని ఒక కొత్త ఉద్యోగి జైలు మెట్లెక్కడం వల్ల కక్షిదారు కోరుకున్నది ఏదీ జరగదు. అతనికి కావలసింది పేరు తిరిగి రావడం, రైతులకు కోడ్ తిరిగి దొరకడం.

సివిల్ దారిలో 62వ సెక్షన్ మంచి వెసులుబాటు ఇస్తుంది. హక్కుదారు తాను నివసించే చోటే దావా వేయవచ్చు. అయితే వాణిజ్య వివాదాలకు, అత్యవసర ఉత్తర్వులు అడగకపోతే, వాణిజ్య కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని సుప్రీంకోర్టు 2022లోనే పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చింది. ఎటూ కూర్చుని మాట్లాడక తప్పదు కాబట్టి ముందే మాట్లాడదామని నోటీసు ఇచ్చాం.

ఇక్కడే వెర్షన్ తేడా పనిచేసింది. జీపీఎల్ రెండో వెర్షన్‌లో ఉల్లంఘించిన క్షణమే లైసెన్స్ రద్దవుతుంది, తిరిగి వచ్చే దారి అందులో రాయలేదు. మూడో వెర్షన్ 8వ విభాగం మొదటిసారి తప్పు చేసినవారికి ఒక అవకాశం ఇస్తుంది. నోటీసు అందిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. కక్షిదారు ఇది విని నొచ్చుకున్నాడు. వాళ్లకు గడువు ఎందుకివ్వాలన్నాడు. నాకు మాత్రం ఈ నిబంధన చాలా న్యాయంగా అనిపిస్తుంది. తప్పు దిద్దుకునే మనిషికి తిరిగి వచ్చే దారి ఉంటేనే దిద్దుకుంటాడు. నోటీసులో ఆ 30 రోజుల లెక్కను స్పష్టంగా రాశాను, ఏమేం సరిచేయాలో ఒక్కొక్కటీ చెప్పాను. పరిహారం అడిగే హక్కును వదులుకోవడం లేదని కూడా రాశాను.

ఎదురెదురుగా

తొమ్మిదో రోజు వాళ్లు నా ఆఫీసుకు వచ్చారు. యజమాని, వాళ్ల లాయర్, ఆ ప్రోగ్రామర్ అమ్మాయి. యజమాని నిజాయితీగానే మాట్లాడారు. "ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఉందని తెచ్చుకున్నాం. ఫ్రీగా ఉన్నదానికి కేసు ఏంది లాయర్ గారూ?"

వాళ్ల లాయర్ మూడు మాటలు పట్టుకున్నారు. మేం ఎవరితోనూ సంతకం చేయలేదు కాబట్టి ఆ లైసెన్స్ మమ్మల్ని కట్టదు అన్నారు. సరే, కట్టదనుకుందాం, అప్పుడు మీకు కాపీ చేసే అనుమతి ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. లైసెన్స్ లేకపోతే 51వ సెక్షన్ కింద నేరుగా ఉల్లంఘనే. లైసెన్స్ ఉందంటే షరతులు పాటించాలి. ఈ తలుపుల్లో ఏది తెరిచినా వచ్చేది ఒకే గదిలోకి. ఆయన అనుభవం ఉన్న మనిషి, వెంటనే అర్థం చేసుకున్నారు.

ఉచితంగా ఇచ్చినదానికి నష్టం ఏమిటన్నది రెండో వాదన. దీనికి 2008 నాటి జేకబ్‌సన్ కేసు చూపించాను. బొమ్మ రైళ్ల సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన ఒక రచయిత కోడ్‌ను, పేరు తీసేసి ఇంకొకరు తమ ఉత్పత్తిలో వాడుకున్నారు. డబ్బు తీసుకోనంత మాత్రాన ఆర్థిక ప్రయోజనం లేదనుకోకూడదని, ఆ షరతులకు కాపీరైట్ బలం ఉందని అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. అంతకు నాలుగేళ్ల ముందే జర్మనీలో మ్యూనిక్ కోర్టు హరాల్డ్ వెల్టె కేసులో జీపీఎల్‌ను అమలు చేసింది. ఇవి మన కోర్టులను కట్టేవి కావు, కానీ తర్కం మన చట్టానికీ సరిపోతుంది. పైగా 57వ సెక్షన్ కింద రచన తనదే అని చెప్పుకునే హక్కు రచయితకు విడిగా ఉంది. మూడోది విదేశీ లైసెన్స్ ఇక్కడ చెల్లదన్న మాట. హక్కుదారు నెల్లూరు జిల్లావాడు, 30వ సెక్షన్ అడిగినట్టే లైసెన్స్ రాతపూర్వకంగా ఉంది అన్నాను. దాని మీద ఎక్కువ సేపు పోలేదు.

యజమానికి అసలు భయం వేరే. కోడ్ బయటపెడితే పోటీవాళ్లు ఎత్తుకుపోతారు, వ్యాపారం మునుగుతుందని. ఆయనకు 2003 నాటి లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ కథ చెప్పాను. అందులో లైనక్స్ ఉందని బయటపడ్డాక కంపెనీ సోర్స్ కోడ్ విడుదల చేయాల్సి వచ్చింది. దాని మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి ప్రాజెక్టులు పుట్టాయి. ఆ రౌటర్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అమ్ముడైంది. మీ డీలర్లు మీకు డబ్బు కడుతున్నది కోడ్‌కు కాదు, చెరువు దగ్గరికి వచ్చి యాప్ వేసి, చెడితే వచ్చి బాగుచేసే మీ మనుషులకు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అది నిజమే అన్నారు.

ఆ అమ్మాయి అంతసేపూ తలెత్తలేదు. ఇదంతా తన మీద పడుతుందేమోనని భయం. మాటల మధ్యలో యజమాని ఒకసారి ఆమె వైపు చూపిస్తూ తప్పు తనదే అనబోతే, కక్షిదారే అడ్డుకున్నాడు. "ఆమెను ఏమీ అనొద్దు సార్. నా ఫైల్‌లో నేనే రెండు రకాలుగా రాశాను" అన్నాడు. గది వాతావరణం అక్కడి నుంచి మారింది.

సర్వర్ దగ్గర చిక్కు

యాప్ సోర్స్ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పేరు తిరిగి పెట్టడానికీ, షరతుల పేజీ తీసేయడానికీ ఒప్పుకున్నారు. గొడవ సర్వర్ భాగం దగ్గర ఆగింది. కక్షిదారు పైథాన్‌లో రాసిన సర్వర్ ప్రోగ్రామ్‌కు ఆ సంస్థ డీలర్ల అప్పు ఖాతా జోడించింది. ఏ రైతుకు ఎన్ని బస్తాలు అప్పు ఇచ్చారు, పట్టుబడి నాడు ఎంత మినహాయించాలి అన్న లెక్క. మంచి పని. కక్షిదారు అదీ కావాలన్నాడు.

జీపీఎల్ నిర్వచనాల్లోనే దీనికి సమాధానం ఉంది. నెట్‌వర్క్ మీదుగా వాడుకోనివ్వడం, కాపీ చేతికి ఇవ్వనంత వరకు, పంపిణీ కిందికి రాదు. తమ సర్వర్‌లో తాము నడుపుకుంటే మార్పులు ఎవరికీ చూపించనక్కర్లేదు. ఈ ఖాళీని పూడ్చడానికే 2007 నవంబరులో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. కక్షిదారు అది ఎంచుకుని ఉంటే కథ వేరు.

నేను ఊరుకోకుండా ఒక ప్రశ్న వేశాను. ఈ సర్వర్ ప్రోగ్రామ్ మీ దగ్గర తప్ప ఇంకెక్కడైనా ఉందా? ప్రోగ్రామర్ అమ్మాయి మొదటిసారి నోరు విప్పి, ఉందన్నది. తీరం వైపు ఒక డీలర్ కొట్టులో సిగ్నల్ నిలవదు. అక్కడి కంప్యూటర్‌లోనే ఒక కాపీ పెట్టారట. యజమానికి ఆ సంగతి గుర్తు లేదు.

అది పంపిణీయే. ఆ కాపీకి జీపీఎల్ పూర్తిగా వర్తిస్తుంది. అయితే ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. హక్కు పుట్టేది కాపీ అందుకున్న డీలర్‌కు, అసలు రచయితకు కాదు. మార్చిన కోడ్‌ను తిరిగి రచయితకు ఇవ్వాలని జీపీఎల్ ఎక్కడా అనదు. సంస్థ ఆ డీలర్‌కు "మీ దగ్గరున్న కాపీ జీపీఎల్ కిందిది, మీరు దాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు" అని రాతపూర్వకంగా చెప్పాలి. అంతే. చెప్పారు. డీలర్‌ను కక్షిదారు వెళ్లి అడిగాడు. ఆయన మర్యాదగానే కాదన్నారు. కోడ్ వేరు, అందులోని అప్పుల వివరాలు వేరని ఎంత చెప్పినా, తన ఖాతా పుస్తకం ఎవరికో ఇస్తున్నట్టే ఆయనకు అనిపించింది. ఇవ్వకపోవడం ఆయన హక్కు. అప్పు ఖాతా భాగం ఈ రోజుకీ బయటికి రాలేదు.

తేలిన తీరు

ఇరవై నాలుగో రోజుకు యాప్ సోర్స్ అంతా బయటికి వచ్చింది. తెర మీద "ఈ యాప్‌కు మూలం" అన్న చోట నలుగురు రచయితల పేర్లూ ఉన్నాయి. పాత షరతుల పేజీ పోయింది. అప్పటికే యాప్ వేసుకున్న రైతులకు, కోడ్ ఎక్కడ దొరుకుతుందో తెలుగులో సందేశం వెళ్లింది. ఆ చివరిది మా పట్టుదల. లైసెన్స్ హక్కు ఎవరిదో వాళ్లకే తెలియకపోతే అది కాగితం మీదే మిగులుతుంది.

సంస్థ ముందు హక్కులన్నీ కొనేస్తామంది. అది కుదరదు. ముగ్గురు ఇతర రచయితలు 19వ సెక్షన్ కింద సంతకం పెట్టి రాసివ్వాలి, పైగా ఇప్పటికే జీపీఎల్ కింద ఇచ్చిన హక్కు వెనక్కి తీసుకోలేనిది. బదులుగా ఏడాది పాటు యాప్ నిర్వహణ, కొత్త తిథుల పట్టికలు, వెనామీ కౌంట్ ధరల పేజీ చేసిపెట్టే పనిని కక్షిదారుకు అప్పగించారు. దానికి డబ్బిచ్చారు, నా ఫీజూ భరించారు. పరిహారం అడగలేదు. ఇది సరైన నిర్ణయమా అని కొందరు తోటి లాయర్లు అడిగారు. కోర్టులో మూడు నాలుగేళ్లు తిరిగి వచ్చే మొత్తం కంటే, మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వచ్చే చెరువు గట్టు మీద ఆ యాప్ నిలవడమే అతనికి ముఖ్యం. నిర్ణయం అతనిది, నేను సమర్థించాను.

ఆ తర్వాత కక్షిదారు రీడ్‌మీలోంచి "వ్యాపారం చేయకూడదు" తీసేసి, ఆ చోట లైసెన్స్ ఏమి అనుమతిస్తుందో, ఏమి అడుగుతుందో తెలుగులో ఒక పేజీ రాశాడు. ముసాయిదా నాకు చూపించాడు. రెండు మాటలు మార్చానంతే.

సర్వర్ భాగాన్ని ఇకపై ఏజీపీఎల్ కిందికి మార్చాలని ముగ్గురు రచయితలకూ రాశాడు. ఇద్దరు వారంలోనే సరే అన్నారు. మూడో అతను డీజిల్ లెక్క రాసినవాడు, కువైట్ వెళ్లిపోయాడు, పాత మెయిల్ పనిచేయడం లేదు. ఊళ్లో వాళ్ల అన్న ద్వారా కబురు పెట్టినా జవాబు రాలేదు. జీపీఎల్, ఏజీపీఎల్ మూడో వెర్షన్‌లను కలిపి నడపడానికి రెండింటి 13వ విభాగాలూ అనుమతిస్తాయి కాబట్టి, అతని ఫైల్‌ను జీపీఎల్ కిందే, అతని పేరుతోనే ఉంచి, కొత్తగా రాసే ఫైళ్లను మాత్రం ఏజీపీఎల్ కింద పెడుతున్నాడు. ఏ ఫైల్ దేని కిందో చెప్పే జాబితా ఒకటి తయారైంది. దాన్ని సరిచూడమని పోయిన వారం నాకు పంపాడు.